మూతకు చిల్లు పెట్టే ముందు

లెన్స్ లేకుండా కూడా ఫొటో వస్తుంది, కావాలంటే మీ డీఎస్‌ఎల్‌ఆర్‌కు (లోపల అద్దం ఉండి, లెన్స్ విప్పి మార్చుకోగల కెమెరా) లెన్స్ బదులు ఒక బెజ్జం పెట్టి చూడండి అని పోయిన సంచికలో ఒకే ఒక్క వాక్యం రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. కొందరు అప్పుడే చేసేసి, ఫొటోలు మసకగా వచ్చాయని నా మీద కోప్పడ్డారు కూడా. ఏ లెన్స్ కొనాలి అన్న ప్రశ్నలన్నీ వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాను. ఈ నెల పేజీ మొత్తం ఆ బెజ్జానిదే, అంటే పిన్‌హోల్‌దే.

ప్రశ్న: నా దగ్గర నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది. పిన్‌హోల్ ఎలా తయారు చేసుకోవాలి? బెజ్జం ఎంత ఉండాలి? గుండుసూదితో పొడిస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. గుండుసూది లావు అర మిల్లీమీటరు పైమాటే. మీకు కావలసింది దాదాపు 0.3 మి.మీ. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతాను, ఎందుకంటే రేపు మీరు వేరే కెమెరాకు చేసుకుంటే అంకె మారుతుంది. బెజ్జానికీ సెన్సర్‌కూ (వెలుగు పడి ఫొటో నమోదయ్యే పలక) మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 0.00055తో గుణించండి. అది ఆకుపచ్చ వెలుగు తరంగదైర్ఘ్యం, మిల్లీమీటర్లలోనే. వచ్చినదానికి వర్గమూలం కట్టి, దాన్ని 1.9తో గుణించండి. అంతే లెక్క. లార్డ్ రేలీ అనే ఇంగ్లిష్ భౌతిక శాస్త్రవేత్త 1891లో పిన్‌హోల్ ఫొటోల మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. ఈ 1.9 ఆయన పేరు మీదే చెలామణీలో ఉంది.

నికాన్ ఎఫ్ మౌంట్ (లెన్స్ బిగించే వలయం) కెమెరాల్లో మౌంట్ అంచు నుంచి సెన్సర్ దాకా 46.5 మి.మీ. కెనాన్ ఈఎఫ్ మౌంట్‌కు 44. మూత మందం కూడా కలుపుకుంటే మీకు ఇంచుమించు 48 వస్తుంది. 48కి లెక్క కడితే బెజ్జం 0.31. అది 0.28 అయినా 0.33 అయినా ఫొటోలో తేడా కనపడదు. రెండో దశాంశ స్థానం కోసం నిద్ర మానుకోకండి.

ఇక తయారీ. కెమెరాకు లెన్స్ తీసినప్పుడు బిగించే ప్లాస్టిక్ మూత ఉంటుంది కదా, బాడీ క్యాప్. దాని నడిమధ్యన 8 మి.మీ. చిల్లు వేయించండి. మూత కెమెరాకు ఉండగా డ్రిల్ పెట్టే సాహసం ఎవరూ చేయరనుకునేవాణ్ణి. ఈ నెల ఉత్తరాలు చూశాక చెప్పక తప్పడం లేదు: మూత విప్పి, కెమెరాను వేరే గదిలో పెట్టి, అప్పుడు డ్రిల్ చేయండి. తర్వాత మూతను సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరనివ్వండి. ప్లాస్టిక్ పొట్టు ఒక్కటి మిగిలినా అది నేరుగా సెన్సర్ మీదికే పోతుంది.

అసలు పని రేకు దగ్గర. కూల్‌డ్రింక్ డబ్బా రేకును కత్తెరతో రెండు సెంటీమీటర్ల చదరంగా కత్తిరించండి. వంటింటి ఫాయిల్ వద్దు, అది చిరుగుతుంది. రేకును ఒక అట్టముక్క మీద పెట్టి, సన్న కుట్టుసూది మొనతో మెల్లగా నొక్కండి. గుచ్చకండి, నొక్కండి. వెనకవైపు చిన్న బొడిపె లేస్తుంది. దాన్ని బాగా నున్నటి శాండ్‌పేపర్ మీద రుద్ది చదును చేయండి. మళ్ళీ నొక్కండి, మళ్ళీ రుద్దండి. ఇలా చేస్తుంటే రేకు అక్కడ పలచబడి, ఒక దశలో సూది మొన దానంతటదే అవతలికి వస్తుంది. అప్పుడు సూదిని వేళ్ళ మధ్య తిప్పుతూ అంచు గుండ్రంగా చేయండి. తొందరపడి ఒక్క పోటు పొడిస్తే వచ్చేది చిల్లు కాదు, చిరుగు. సన్న సూది కూడా పైకి పోయేకొద్దీ లావెక్కుతుంది కాబట్టి మొన దాటి లోపలికి పోనివ్వద్దు.

కొలవడానికి ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటే పండగే. రేకును 2400 డీపీఐలో (అంగుళానికి 2400 చుక్కలు) స్కాన్ చేసి, బెజ్జం అడ్డంగా ఎన్ని పిక్సెళ్ళు ఉందో లెక్కపెట్టండి. 28 ఉంటే 0.3 మి.మీ. స్కానర్ లేకపోతే స్టీలు స్కేలు పక్కన రేకు పెట్టి, మాక్రో లెన్స్‌తో ఒక ఫొటో తీసి, స్కేలు గీతలతో పోల్చుకోండి. సైజు ఎంత ముఖ్యమో అంచు నునుపూ అంతే ముఖ్యం. భూతద్దంలో చూస్తే అంచున నూగులాంటిది కనిపించకూడదు. మొదట్లో రేకులు పాడవుతాయి, పాడవనివ్వండి. నా దగ్గర పాత ఫిల్ము డబ్బీ నిండా రేకులే, ఒక్కోదాని మీద దాని కొలత మార్కర్‌తో రాసి ఉంటుంది. 0.3కి దగ్గరగా రానివాటిని కూడా పారేయను. వాటి పని వేరే ఉంటుంది, కింద చెబుతాను.

లోపలివైపు రేకును నల్ల మార్కర్‌తో పూసి, మూతకు బయటివైపు నల్ల ఎలక్ట్రికల్ టేపుతో నాలుగు పక్కలా అంటించండి. లోపలివైపు అంటించకండి. మౌంట్ లోపల లెన్స్‌తో మాట్లాడే విద్యుత్ పిన్నులుంటాయి, లోహపు రేకు జారి వాటికి తగలడం ఎందుకు?

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా నాన్నగారి కెమెరాతో పిన్‌హోల్ చేద్దామంటే, చిల్లు అనగానే వద్దంటున్నారు. మీరు ఒక మాట చెప్పరూ?

జవాబు: ఈ పేరా ఆయనకు చదివి వినిపించు. చిల్లు పడేది కెమెరాకు కాదండీ, మూతకు. ఆ మూత కూడా కెమెరాతో వచ్చిందే కానక్కర్లేదు, అదే మౌంట్‌కు సరిపోయే ఇంకో మూత విడిగా దొరుకుతుంది.

అయితే నాన్నగారి భయంలో ఒక నిజం ఉంది, అది దుమ్ము. లెన్స్‌ను ఎఫ్/5.6లో, అంటే ద్వారం బాగా తెరిచి పెట్టి తీసినప్పుడు సెన్సర్ మీద ఉన్న దుమ్ము కనపడదు, దాని నీడ చెదిరిపోతుంది. బెజ్జం గుండా వచ్చే వెలుగు మాత్రం సన్నటి దారిలో వస్తుంది కాబట్టి ప్రతి రేణువు నీడా స్పష్టంగా, నల్లగా పడుతుంది. మొదటి ఫొటో చూసి ఆకాశం నిండా ఈ మచ్చలేమిటని ఇంట్లో గొడవ అవుతుంది. ఆ మచ్చలు బెజ్జం తెచ్చినవి కావు, ఎప్పటినుంచో ఉన్నవే. ముందుగానే బ్యాటరీ నిండా చార్జ్ చేసి, మెనూలో సెన్సర్ క్లీనింగ్ కోసం అద్దం పైకి లేపే ఆప్షన్ పెట్టి, కెమెరా మూతి కిందికి ఉండేలా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టాలి. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. ఆ తర్వాత కూడా మిగిలిన మచ్చలను కంప్యూటర్‌లో చెరిపేయొచ్చు.

ఒక రాజీ చెబుతాను. మూత విప్పడం, బిగించడం, గాలి కొట్టడం నాన్నగారు చూసుకుంటారు. రేకు, సూది, శాండ్‌పేపర్ నీవి.

ప్రశ్న: నాది 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా. 0.3 బెజ్జం కొలిచి మరీ చేశాను. అయినా ఫొటో పాత ఫోన్‌లో తీసినట్టుంది. బెజ్జం ఇంకా చిన్నది చేస్తే షార్ప్‌గా వస్తుందా?

జవాబు: రాదు, ఇంకా మసకబారుతుంది. ఈ నెల అందరికంటే ఎక్కువ టెన్షన్ పడింది మీరే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

బెజ్జం పెద్దదైతే మసక ఎందుకో తెలిసిందే. దృశ్యంలోని ఒక్కో చుక్క నుంచి వచ్చే వెలుగు బెజ్జమంత మచ్చగా సెన్సర్ మీద పడుతుంది. 0.6 మి.మీ. బెజ్జమైతే 0.6 మచ్చ. కాబట్టి చిన్నది చేస్తూ పోతే మచ్చ కూడా చిన్నదవుతూ పోవాలి కదా అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. ఆ తర్వాత వెలుగు ఎదురు తిరుగుతుంది. నీళ్ళ గొట్టం మూతిని వేలితో నొక్కేకొద్దీ నీళ్ళు పక్కలకు చిమ్ముతాయే, అలా ఇరుకు దారిలోంచి వచ్చే వెలుగు పక్కలకు విచ్చుకుంటుంది. దీన్నే వివర్తనం అంటారు. 48 మి.మీ. దూరంలో 0.3 బెజ్జం వేసే మచ్చ సుమారు 0.21 మి.మీ. బెజ్జాన్ని సగం చేసి 0.15కి తెస్తే మచ్చ 0.43కి పెరుగుతుంది. అంటే బెజ్జం సగమైతే మచ్చ రెట్టింపు. ఇటు పెద్దదీ కాకుండా అటు చిన్నదీ కాకుండా ఉన్న చోటే ఆ 0.3.

ఇప్పుడు మీ 24 మెగాపిక్సెళ్ళ సంగతి. మీ సెన్సర్ వెడల్పు 36 మి.మీ., అందులో 6000 పిక్సెళ్ళు. ఒక్కోటి 0.006 మి.మీ. బెజ్జం వేసే ఒక్క మచ్చ కిందే అడ్డంగా 35 పిక్సెళ్ళు పడతాయి. మోటుగా లెక్కేస్తే మీ ఫొటో వెడల్పులో విడివిడిగా పట్టే చుక్కలు 170, ఎత్తులో 115. అంతే ఉంది సమాచారం. 24 మెగాపిక్సెళ్ళున్నా, 45 ఉన్నా, ఎప్పటిదో పాత 12 ఉన్నా ఒకటే. చిన్న సెన్సర్, అంటే ఏపీఎస్-సీ వాళ్ళకు ఇంకా తక్కువ, వెడల్పులో 110 చుక్కలు. పిన్‌హోల్ కోసం కొత్త కెమెరా కొందామా అని రాసిన ఇద్దరికి కూడా ఇదే జవాబు.

మరి పాత పిన్‌హోల్ ఫొటోలు అంత బాగుంటాయేమిటి అంటారు. వాటి వెనక ఉన్నది అరచేతిని మించిన ఫిల్ము. 5 అంగుళాల వెడల్పు ఫిల్ము ముందు 125 మి.మీ. దూరంలో 0.5 బెజ్జం పెడితే ఒక్కో మచ్చ 0.33 మి.మీ. పడుతుంది. మీదానికన్నా పెద్దదే. కానీ ఆ వెడల్పులో అలాంటివి 370 దాకా పడతాయి. గెలుపు సైజుది. దాన్ని 36 మి.మీ. సెన్సర్‌తో అందుకోలేం.

అందుకని ఈ కెమెరాతో పిన్‌హోల్ తీసేటప్పుడు దేన్ని తీస్తున్నామన్నదే పెద్ద ప్రశ్న. మీరు పంపిన మూడు ఫొటోలూ దూరపు చెట్లు. చిన్న చిన్న ఆకులన్నీ 170 చుక్కల్లో ఎలా ఇముడుతాయి? పచ్చటి ముద్ద అయిపోయాయి. మెట్లు, తలుపులు, కుర్చీ, గోడ మీద పొడుగు నీడ, ఎండలో ఆరేసిన ఒకే ఒక్క తెల్ల చొక్కా, ఇలా ఆకారం గట్టిగా ఉన్నవి పట్టుకోండి. ఎండ పక్కనుంచి పడాలి. బెజ్జం ఫొటోలో కాంట్రాస్ట్ ఎప్పుడూ తక్కువే, కాబట్టి రా (RAW) ఫైలుగా తీసి తర్వాత ధైర్యంగా పెంచుకోండి. షార్ప్‌నెస్ స్లైడర్‌ను మాత్రం ముట్టుకోకండి, లేనిదాన్ని అది తెచ్చి ఇవ్వలేదు, గింజలు గింజలుగా చేస్తుంది.

ప్రశ్న: మూత బిగించాక వ్యూఫైండర్‌లో అంతా చీకటి. ఎఫ్ నంబర్ ఉండాల్సిన చోట సున్నాలు కనిపిస్తున్నాయి. మీటర్‌ను నమ్మొచ్చా? షట్టర్ ఎంత పెట్టాలి?

జవాబు: ఆ సున్నాలు అంటే లెన్స్ కనిపించలేదని కెమెరా అంటోంది. దాని మానాన దాన్ని వదిలేసి ఎం మోడ్‌కు (అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్) వెళ్ళండి. దూరాన్ని బెజ్జం వెడల్పుతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ నంబర్. 48ని 0.3తో భాగిస్తే మీ బెజ్జం ఎఫ్/160. ఇది ఎఫ్/16కు సరిగ్గా పది రెట్లు. వెలుగు దాని వర్గం చొప్పున తగ్గుతుంది, కాబట్టి ఎక్స్‌పోజర్ (వెలుగు పడనిచ్చే) సమయం వంద రెట్లు. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా సుఖమైన అంకె లేదు. ముందు మామూలు లెన్స్‌తో ఎఫ్/16లో మీటర్ ఎంత చెబుతుందో చూసి దాన్ని వందతో గుణించండి. మంచి ఎండలో ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే తీవ్రత) 100కి ఎఫ్/16లో సెకనులో నూరో వంతు వస్తుంది, అంటే బెజ్జానికి ఒక సెకను. లెన్స్‌తో పదో వంతు వచ్చే నీడలో పది సెకన్లు. లెన్స్‌తోనే ఒక సెకను పట్టే గదిలో వంద సెకన్లు. 30 దాటితే బల్బ్ మోడ్ (నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది), చేతిలో రిమోట్.

ఫిల్ము రోజుల్లో ఈ లెక్క ఇంత సాఫీగా ఉండేది కాదు. ఎక్స్‌పోజర్ పొడుగయ్యేకొద్దీ ఫిల్ము మందగించేది, లెక్కలో వచ్చిన దానికి ఇంకొంత కలపాల్సి వచ్చేది, ఆ ఇంకొంత ఒక్కో ఫిల్ముకు ఒక్కోలా ఉండేది. సెన్సర్‌కు ఆ బెడద లేదు. పైగా ఒక సులువుంది. ఐఎస్‌ఓ 6400లో ఒక సెకను పెట్టి తీసి హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి వెలుగుల పంపకం చూపే గ్రాఫు) చూడండి. అది సరిగ్గా ఉంటే, ఐఎస్‌ఓ 100కి 64 సెకన్లు. ప్రతి ట్రయల్‌కూ నిమిషం ఎదురు చూడక్కర్లేదు. డిజిటల్ కెమెరాతో పిన్‌హోల్ చేయడంలో నాకు నచ్చేది ఇదే. రేకు మార్చి, మళ్ళీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం నిమిషాల పని. పైన ఉంచుకోమన్న పాడైన రేకుల పని ఇక్కడే: 0.2, 0.3, 0.5 మూడూ ఒకే దృశ్యం మీద వేసి చూస్తే, పై జవాబులో నేను లెక్కలతో చెప్పింది కళ్ళతో కనిపిస్తుంది.

ఫ్రేమ్ చూసుకోవడానికి: మీది ఫుల్‌ఫ్రేమ్ అయినా ఏపీఎస్-సీ అయినా 50 మి.మీ. లెన్స్ దాదాపు ఇదే దృశ్యాన్ని చూపిస్తుంది. ట్రైపాడ్ మీద ఆ లెన్స్‌తో ఫ్రేమ్ కుదుర్చుకుని, తీసేసి మూత బిగించండి. ఎండలో అయితే లైవ్ వ్యూలోనే మసగ్గా కనిపిస్తుంది. తీసేటప్పుడు వ్యూఫైండర్ కంటిభాగాన్ని నల్లటి గుడ్డతో మూయండి. అటునుంచి దూరే కాస్త వెలుగు మామూలుగా లెక్కలోకి రాదు కానీ, ఇటునుంచి వచ్చేదే అంతంతమాత్రం అయినప్పుడు దేన్నీ నమ్మలేం.

ట్రైపాడ్ లేదా? ఎండలో ఐఎస్‌ఓ 3200 పెడితే సెకనులో ముప్ఫయ్యో వంతుకు దిగుతుంది, చేత్తోనే తీయొచ్చు, వీడియో కూడా వస్తుంది. నాకు మాత్రం ఐఎస్‌ఓ 100, ఒక సెకను, ఆ సెకనులో కదిలినవన్నీ కరిగిపోవడం ఇష్టం.

ప్రశ్న: సూర్యగ్రహణాన్ని ఈ బెజ్జంతో నేరుగా తీయొచ్చా? సెన్సర్ కాలిపోదా?

జవాబు: ఎఫ్/160లో సెన్సర్‌కు ప్రమాదం లేదు. కానీ ఫొటో ఉపయోగం లేనిది. 48 మి.మీ. దూరంలో సూర్యబింబం 0.45 మి.మీ. మాత్రమే పడుతుంది, బెజ్జం వేసే మచ్చే 0.21 అయినప్పుడు కొరికిన అంచు ఏం తెలుస్తుంది? దూరం పెంచండి. ఒక అట్టలో 1.4 మి.మీ. చిల్లు పెట్టి, మీటరు దూరంలో నీడలో తెల్ల కాగితం ఉంచితే 9 మి.మీ. బింబం వస్తుంది. సూర్యుడికి వీపు పెట్టి, ఆ కాగితాన్ని మామూలు లెన్స్‌తో తీయండి. గ్రహణం వేళ చెట్టు కింద నేల మీద నెలవంకలు పరుచుకుంటాయి చూడండి, ఆకుల సందులు చేసేదీ ఇదే పని. కంటితో మాత్రం ఏ బెజ్జం గుండానూ సూర్యుణ్ణి చూడొద్దు. వ్యూఫైండర్‌లోంచి కూడా వద్దు.

ప్రశ్న: ఇంత కష్టం దేనికండీ? మంచి లెన్స్‌తో తీసి సాఫ్ట్‌వేర్‌లో మసక చేస్తే పోలా?

జవాబు: పోతుంది. చూసేవాళ్ళలో చాలామంది తేడా కూడా పట్టలేరు. మసక మాత్రమే కావాలంటే మీ దారే నయం.

బెజ్జం ఇచ్చేది ఇంకొకటుంది. దానికి ఫోకస్ లేదు. రేకుకు జానెడు దూరంలో ఉన్న తాళం చెవి, దాని వెనక కిటికీ, కిటికీ అవతల కొండ, మూడూ ఒకే స్పష్టతతో పడతాయి. ఏ లెన్స్‌తో తీసినా ఇందులో ఏదో ఒకటి జారిపోతుంది. గీతలు వంగవు, మూలల్లో గోడలు ఉబ్బవు. మిగతాది అభిరుచి. పిన్‌హోల్ పిచ్చి మీకు ఒక్కరికే లేదనిపించుకోవాలంటే, ఏటా ఏప్రిల్ చివరి ఆదివారం ప్రపంచ పిన్‌హోల్ ఫొటోగ్రఫీ దినం. 2001 నుంచి జరుగుతోంది. ఆ రోజు తీసిన ఒక్క ఫొటో పంపొచ్చు.

ప్రశ్న: నా మిర్రర్‌లెస్ కెమెరాకు ఇదే మూత పనికొస్తుందా?

జవాబు: మౌంట్ వేరు కాబట్టి మూత పనికిరాదు, బెజ్జమూ పనికిరాదు. మీకు అద్దం లేదు కనుక బెజ్జం సెన్సర్‌కు బాగా దగ్గరవుతుంది. సోనీ ఈ మౌంట్‌కు 18 మి.మీ., కెనాన్ ఆర్ఎఫ్‌కు 20, నికాన్ జడ్‌కు 16. ఇరవై మి.మీ.కి లెక్క కడితే బెజ్జం 0.2, ఎఫ్/100. డీఎస్‌ఎల్‌ఆర్ వాళ్ళకు దొరకని వైడ్ యాంగిల్ మీకు దొరుకుతుంది. ఫుల్‌ఫ్రేమ్ అయితే మూలల్లో వెలుగు మధ్యభాగపు వెలుగులో ఐదో వంతుకు పడిపోతుంది, అది దోషమనుకోకండి. మెనూలో 'లెన్స్ లేకుండా షట్టర్' అన్న ఆప్షన్ ఆన్ చేయకపోతే చాలా కెమెరాలు అసలు క్లిక్కే మనవు.

ప్రశ్న: గోడకు పెట్టుకునేంత పెద్ద ప్రింటు తీయాలని ఉంది. బెజ్జంతోనే వివరం పెంచే దారి ఏదైనా ఉందా?

జవాబు: ఒక్క ఫ్రేములో లేదు. చాలా ఫ్రేములు అతికితే ఉంది. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (కెమెరాకూ మూతకూ మధ్య బిగించే ఖాళీ గొట్టం) పెట్టి దూరం పెంచి, బెజ్జం 0.4 చేసి, ముక్కలు ముక్కలుగా తీయమని కొందరు చెబుతారు. 36 మి.మీ. ట్యూబ్‌తో అదే దృశ్యానికి 170 చుక్కల చోట 225 వస్తాయి. ఆ కాస్త లాభానికి తొమ్మిది ఫ్రేములు తీయడం నా వల్ల కాదు. దానికంటే ఉన్న మూతతోనే కెమెరాను నిలువుగా పెట్టి, పక్కపక్కన నాలుగైదు ఫ్రేములు తీసి పొడవాటి దృశ్యంగా అతకండి. తిప్పేది రేకు ఉన్న చోటు ఇరుసుగా తిప్పాలి, ట్రైపాడ్ స్క్రూ ఇరుసుగా కాదు. ట్రైపాడ్ తలకు ముందూ వెనకలు జరిపే పట్టీ ఉంటే రేకు సరిగ్గా తిరిగే గీత మీదికి వచ్చేలా కెమెరాను వెనక్కి జరపండి. లేకపోతే దగ్గరి వస్తువులు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటాయి. ప్రతి ఫ్రేములోనూ మూడో వంతు ముందుదాని మీద పడాలి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచకండి. ఎండలో ఫ్రేముకు సెకను చొప్పున అయితే సాఫీగా అతుకుతాయి. సాయంత్రం నీడల్లో ఒక్కోదానికి నిమిషం పడితే, ఐదో ఫ్రేముకు వచ్చేసరికి నీడ జరిగిపోయి అతుకు దగ్గర పట్టిస్తుంది.